కొలతకు నిలబెట్టిన మనిషి

ఏళ్ల తరబడి ఒక మాట నాలోనే దాచుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. నమాజు తర్వాత దువాలో కూడా దాని దగ్గరికొచ్చేసరికి దాటేసేవాణ్ని. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను.

జెద్దాలో కొత్త రేవు గోడ కడుతుంటే, పని ఎంతవరకు వచ్చిందో ఫొటోలు తీసేవాణ్ని. నా ఇకామాలో, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డులో, మాత్రం ఇంటి డ్రైవర్ అని ఉండేది. వీసా ఇచ్చిన కఫీల్ ఒకరు, పని ఇంకొకరి దగ్గర. సౌదీవాళ్లకు ఉద్యోగాలు పెంచాలని నితాకత్ చట్టం వచ్చాక అలాంటివాళ్లను పట్టుకుని పంపించేస్తున్నారు. కారు తలుపు చప్పుడైనా నా గుండె జారిపోయేది.

మా ఇంజినీరు దగ్గర పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన రేవుల ఫొటోల పుస్తకం ఉండేది. కొండంత రాతిదిమ్మలు, పక్కన కదలకుండా ఒక మనిషి. దిమ్మ ఎంత పెద్దదో తెలియడానికి. మా గోడ కాంక్రీటు దిమ్మలకూ అలాంటి ఫొటో కావాలన్నాడు.

నాకు మౌలాలి గుర్తొచ్చాడు. మా కడపవాడే, కాంక్రీటు పని, మంచి పొడగరి. అతని కాగితాలూ నావిలాంటివే. తనిఖీ భయంతో ఆ రోజు రేకుల షెడ్డులో దాక్కుంటే, వెళ్లి బయటికి పిలిచాను.

“వద్దన్నా, వాళ్లు తిరగతాండారంట.”

“ఒక్క నిమిషం రా. నేనుండాను గదా.”

నా మాట మీద వచ్చాడు. దిమ్మ పక్కన నిలబెట్టి కదలొద్దన్నాను. అంతలోనే తనిఖీ వాళ్ల బండి వచ్చి ఆగింది. పారిపొమ్మని అరవాల్సింది. అరిస్తే నావైపు తిరుగుతారని నోరు పెగల్లేదు. అతను నేను చెప్పినట్టే కదలకుండా నిలబడ్డాడు.

ఇతను నీకు తెలుసా అని అధికారి అడిగాడు. తెలియదన్నాను. నేను తమ ఫొటోగ్రాఫర్‌నని ఇంజినీరు చెప్పడంతో నా ఇకామా అడగలేదు. మౌలాలి నన్ను చూశాడు. ఒక్క మాట అంటే నేనూ ఆ బండి ఎక్కేవాణ్ని. అతను అనలేదు. జాలిపడ్డాడా? అసహ్యించుకున్నాడా?

వేలిముద్రలు తీసుకుని, మళ్లీ రాకుండా ఇండియాకు పంపేశారు. ఎవరు పట్టించారని అతని తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు. మళ్లీ తెలియదన్నాను. కడప వెళ్లినప్పుడు వాళ్ల వీధి మొదటిదాకా నడిచి, ఎదురుపడతాడేమోనని వెనక్కి తిరిగాను.

భయంతో అబద్ధమాడానని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. కానీ షెడ్డు దగ్గర అతన్ని పిలిచినప్పుడు నాకు ఏ భయమూ లేదు. ఫొటో బాగా రావాలి, అంతే. భయపడుతున్న మనిషిని, ఆ భయమేమిటో బాగా తెలిసిన నేను, బయటికి పిలిచాను.

దువాలో దాటేసిన మాట ఇదే. ఇప్పుడు రాసేశాను.