అక్క పాటలో మిగతా సగం

దెయ్యాల కథలంటే నాకు నవ్వు. వింత శబ్దాల కథలంటే ఇంకా నవ్వు, ఎందుకంటే శబ్దాలతోనే నా బతుకు. గోడలోంచి గుసగుసలు వస్తున్నాయని ఎవరైనా వణికితే, అది ఏ ఫ్యాను బేరింగో, ఏ వదులు వైరో పట్టి చూపించడం నా పని. అలాంటివాడికే ఇది జరిగింది. నమ్మమని ఎవరినీ బతిమాలను.

2009లో నేను దూలపల్లిలో, ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఒక చిన్న స్టూడియోలో రికార్డింగ్ ఇంజనీరుగా చేరాను. ఓనరు జహంగీర్ భాయ్. బోనాల పాటలు, బతుకమ్మ పాటలు, ఉద్యమం పాటలు పాడటానికి ఊళ్ల నుంచి వచ్చేవారు. ఎవరి గొంతు ఎక్కడ వణుకుతుందో ముందే తెలిసిపోయేది నాకు. వాయిద్యాలు మాత్రం ముట్టేవాణ్ని కాదు. పాడేవాళ్లు వేరు, పట్టేవాళ్లు వేరు అనుకునేవాణ్ని.

అన్ని గొంతులు పట్టిన నా దగ్గర మా అక్క గొంతు లేదు.

మా అక్క యాదమ్మ. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. శామీర్‌పేట చెరువులో బావతో పాటు తెప్ప మీద వెళ్లి చేపలు పట్టేది. వల లాగేటప్పుడు పాడే పాట ఒకటి మా అమ్మ దగ్గర నేర్చుకుంది. ఆ పాటకో కట్టుబాటు ఉంది. దాన్ని ఒడ్డు మీద పూర్తి చేయకూడదు. చేస్తే వల ఖాళీగా వస్తుందని మావాళ్ల నమ్మకం. సగం దాకా ఎక్కడైనా పాడుకోవచ్చు. మిగతా సగం నీళ్ల మీదే, వల చేతికొచ్చాకే.

చిన్నప్పుడు ఒకసారి చెరువులో మునిగి తేలినప్పటి నుంచీ నాకు నీళ్లంటే చచ్చేంత భయం. తెప్ప ఎక్కిందే లేదు. అందుకే అక్క నన్ను జోకొట్టినా, రొట్టెలు కాలుస్తూ పాడుకున్నా నేను విన్నది సగం పాటే. మిగతాది పాడమంటే, "తెప్ప ఎక్కురా, పాడుత" అని నవ్వేది.

మైకు తెస్తే నోరు విప్పేది కాదు. "నా గొంతు డబ్బల పెట్టి ఏం జేస్తవ్ రా? నేనున్న గదా" అనేది. 2011 వానాకాలంలో జ్వరం వచ్చి, వారం తిరగకముందే పోయింది.

ఆ సగం పాట నా వెంట పడింది. బస్సులో, అన్నం దగ్గర, ఎక్కడైనా సరే, బుర్రలో మోగి, సగం దాకా వచ్చి ఆగిపోయేది. బావను అడిగాను. "నాకు పాట రాదు బామ్మర్దీ. ఆమె పాడేది, నేను గుంజేది" అన్నాడు. తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. స్టూడియోలో ఉన్న హార్మోనియం మీద నేను మొదటిసారి వేళ్లు పెట్టింది అందుకే. ఎన్ని రకాలుగా ముగించినా అది అక్కది కాదని తెలిసిపోయేది. ఏడుపొచ్చేది.

మరుసటి ఎండాకాలం పవర్ హాలిడేలు మొదలయ్యాయి. ఫ్యాక్టరీలకు కరెంటు లేని ఆ రోజుల్లోనే దూలపల్లిలో మాకు నిశ్శబ్దం దొరికేది. చుట్టూ ఉన్న మిషన్లన్నీ ఆగిపోయేవి. కానీ మాకూ కరెంటు ఉండదు కదా, కారు బ్యాటరీ మీద రికార్డరు నడిపేవాళ్లం. పాడేవాళ్లు రాకముందు ఖాళీ గదిని కాసేపు రికార్డు చేయడం మా పద్ధతి. పాట ముక్కలు అతికేటప్పుడు సందుల్లో ఆ ఖాళీ గది శబ్దం వేస్తే అతుకు తెలియదు.

ఒక మధ్యాహ్నం అలాగే గది తలుపు మూసి, ఇవతల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. భాయ్ నా పక్కనే టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు.

ముందు నీళ్ల చప్పుడు. తెప్పకు చిన్న అలలు తగిలే చప్పుడు. తర్వాత అక్క. మాటలు లేవు, కూనిరాగమే. సగం దాకా వచ్చి ఎప్పటిలాగే ఆగింది. ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి నాకు తెలుసు. తర్వాత ముందుకు వెళ్లింది. అక్కడినుంచి పాట పైకి పోతుందని నేను ఇన్నాళ్లూ వెతికాను. అది కిందికి దిగింది. వల బరువుకు చేతులు వంగినట్టు దిగి దిగి, నీళ్ల చప్పుడులో కలిసిపోయింది.

నీళ్ల చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే హెడ్‌ఫోన్స్ భాయ్‌కి ఇచ్చాను. ఆయనకేమీ వినపడలేదు. "ఎండ దెబ్బ కొట్టినట్టుంది భాయ్, జర సల్ల తాగు" అన్నాడు. గది తెరిచి చూశాను. మైకు, స్టాండు, అంతే. రేడియో లేదు, సెల్‌ఫోన్లు బయట బల్ల మీద ఉన్నాయి. రికార్డయింది వేసి విన్నాను. ఖాళీ గది. అది ఇప్పటికీ నా దగ్గరుంది, ఎప్పుడు విన్నా ఖాళీ గదే.

నా బుర్ర కల్పించిందే అనుకున్నాను. మనసు అంతగా కోరుకుంటే చెవులు ఏదైనా వింటాయి. ఆ అనుమానం తీర్చుకోవడానికే, పాడటం రాకపోయినా విన్నవాడు కదా అని, తెల్లారి బావ దగ్గరికి శామీర్‌పేట వెళ్లాను.

బావ తెప్పను నీళ్లలోకి దించుతున్నాడు. నేనూ వస్తానన్నాను. నా మొహం చూసి, ఎక్కడానికి చెయ్యందించాడు. తెప్ప ఊగుతుంటే దానికి కట్టిన తాడును రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాను. చెరువు మధ్యలో వల చేతికొచ్చాక, నాకున్న గొంతుతోనే కూనిరాగం తీశాను. సగం దాటాను. కిందికి దిగాను.

బావ వల గుంజడం ఆపేశాడు.

"గిది నీకెవ్వలు జెప్పిన్రు?"

"ఎందుకు బావా, తప్పు పాడిన్నా?"

"తప్పు గాదు. మీ అమ్మ పాడితే గీడికెల్లి పైకి పోతుండెనంట. గీ కింది రాగం యాదమ్మ సొంతంగ కట్టుకున్నది, మా పెండ్లయినంక. నేనొక్కన్నే విన్న, గీ నీళ్ల మీదనే."

మొహం అవతలికి తిప్పుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తెప్ప మీద ఉన్నానన్న సంగతే మరిచిపోయాను.

ఆ తర్వాత హార్మోనియం వదల్లేదు. 2014 వచ్చేసరికి మేడ్చల్, కుత్బుల్లాపూర్ చుట్టుపక్కల కార్యక్రమాల్లో వాయించడమే నా అసలు పనైంది. అక్క పాట ప్రతిచోటా వాయిస్తాను, సగం దాకా. మిగతాది వాయించమంటారు. తెప్ప ఎక్కి రమ్మంటాను. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

ఆ రోజు నేను విన్నదేమిటో ఇప్పటికీ తెలియదు. భ్రమ అనుకుందామంటే బావ మాట అడ్డొస్తుంది. దెయ్యం అందామంటే నోరు రాదు, మా అక్కను ఆ మాట ఎలా అంటాను?

ఇప్పటికీ రికార్డింగు ఉంటే, మొదలుపెట్టే ముందు అందరినీ కాసేపు కదలకుండా కూర్చోమంటాను. గది శబ్దం కోసమని అనుకుంటారు. నేను అక్క కోసం వింటాను. ఇంతవరకు మళ్లీ రాలేదు.