గోడ మీదుగా చాచిన చెయ్యి

పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాణ్ణి చూశాను. పెళ్లికూతురనుకుని ఆమె పిన్నిని చూసి సిగ్గుపడినవాణ్ణీ చూశాను. స్టేడియం నిండా జనం తిడుతుంటే సెక్యూరిటీ వాళ్ల వెంట బయటికి నడిచిన పెళ్లికొడుకు మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను, మా ఇంట్లో రోజూ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో జెర్సీ సిటీలో సివిల్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. వారాంతాల్లో తెలుగు కుర్రాళ్లతో క్రికెట్. బౌండరీ దగ్గర క్యాచ్ పట్టడంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

ఎడిసన్‌లో ఉండే డాక్టర్ చక్రధరరావు గారి అమ్మాయి నీలిమ సంబంధం వచ్చింది. ఫోన్లో మాట్లాడుకున్నాం, ఒకరికొకరం నచ్చాం. ఇక ఒప్పుకోవలసింది డాక్టర్ గారు. రిటైరైన ఆయనకు లోకంలో రెండే ప్రాణాలు: కూతురు, ఒక బేస్‌బాల్ టీమ్.

"ఇంట్లో కాఫీలెందుకు బాబూ, గేమ్‌కి రా. మనిషి ఎలాంటివాడో అక్కడే తెలుస్తుంది" అన్నారు.

నేను బేస్‌బాల్ మొహం చూసిన పాపాన పోలేదు. ఆ ముక్క చెబితే సరిపోయేది. చెప్పానా? "నాకూ చాలా ఇష్టం అంకుల్, ఎప్పట్నుంచో చూస్తున్నాను" అన్నాను.

మా ముగ్గురి సీట్లు మైదానం చివర, గోడను ఆనుకుని మొదటి వరుసలో. గోడ నా నడుము దాకా కూడా లేదు. దాని మీద పెద్ద పెద్ద అంకెలు.

"అంకుల్, ఆ మూడు వందల ముప్ఫై ఏమిటి? సీట్ నంబరా?"

ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. "బ్యాటర్ దగ్గర్నుంచి ఈ గోడకి దూరం. అడుగుల్లో. ఎప్పట్నుంచో చూస్తున్నానన్నావ్?"

"టీవీలో సరిగ్గా కనిపించదు అంకుల్."

అక్కడితో నోరు మూసుకోవచ్చు కదా! లేదు, నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు.

"మధ్యలో నాలుగు వందలు రాసుంది. అటు గోడ తాటిచెట్టంత ఉంది, ఇటు మరీ పొట్టి. కొలతలు తప్పినట్టున్నాయి అంకుల్."

"తప్పలేదు. ఒక్కో స్టేడియంలో గోడ ఒక్కోలా ఉంటుంది. అదే దీని అందం."

"ఇలాంటి ప్లాన్ నా టేబుల్ మీదికొస్తే వెనక్కి పంపించేస్తాను."

పక్కనుంచి నీలిమ నా కాలిమీద ఒక్క తన్ను తన్నింది. దాన్ని నేను ప్రేమ అనుకున్నాను.

ఆఖరి ఇన్నింగ్స్ వచ్చింది. అంకుల్ టీమ్ ఒక్క రన్ వెనకబడి ఉంది. ఒకడు మొదటి బేస్ మీద ఉన్నాడు, నాలుగు బేస్‌లూ చుట్టొస్తేనే రన్, ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోతుంది. బంతి గోడ దాటితే ఇద్దరూ వచ్చేస్తారు, ఆట గెలుస్తారు. అంకుల్ లేచి నిలబడి వెంకటేశ్వరస్వామిని పేరుపెట్టి పిలుస్తున్నారు. అంతలో బ్యాటర్ కొట్టాడు. బంతి సూటిగా మా వైపే వస్తోంది. కింద అవతలి టీమ్ ఫీల్డర్ దానికోసం పరుగెత్తుకొస్తున్నాడు.

కూర్చోవాలా? కూర్చోలేదు. పొట్ట గోడ మీద ఆనించి, సగం మనిషిని మైదానంలోకి వేలాడేసి, ఒంటిచేత్తో పట్టేశాను. అక్కడితోనైనా ఆగానా? మన క్రికెట్‌లో బంతి జనంలోకి వస్తే తిరిగి ఇచ్చేస్తాం కదా. ఆ మర్యాద కూడా చేశాను. ఆ ఫీల్డర్ చేతుల్లోకే విసిరాను. అతను టోపీ తీసి నాకు దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"చూశారా అంకుల్, క్యాచ్!"

అంకుల్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. నీలిమే అరిచింది. "వాట్ డిడ్ యు డూ! బాల్ ఇంకా ప్లేలో ఉంది! గోడకి అటువైపు చెయ్యి పెట్టకూడదు!"

"ఇందాక వెనకాయన పట్టుకుంటే చప్పట్లు కొట్టారుగా?"

"అది గోడ దాటి వచ్చాక! దాటకపోతే అది మనది కాదు!"

ఇదేం ఆటండీ! అంపైర్లు వీడియో చూశారు. వాళ్లతో పాటు స్టేడియమంతా పెద్ద తెర మీద నా పొట్టను స్లో మోషన్‌లో చూసింది. నేను అడ్డుపడకపోతే బంతి గోడకి తగిలి లోపలే పడేదని తేల్చి, బ్యాటర్‌ని రెండో బేస్ దగ్గర, ముందున్నవాణ్ణి మూడో బేస్ దగ్గర ఆపేశారు, అంటే ఒక్క రన్ కూడా రాలేదు. జనం తిట్లు లంకించుకున్నారు, నన్ను తీసుకెళ్లడానికి సెక్యూరిటీ వాళ్లు వచ్చారు.

"వెళ్లొస్తాను అంకుల్."

"వెళ్లు" అన్నారు. "వెళ్లిరా" అనలేదు.

పార్కింగ్‌లో నిలబడి ఉంటే లోపల్నుంచి ఊరంతా నిట్టూర్చినట్టు వినిపించింది. తర్వాతి బ్యాటర్ అవుటయ్యాడు, అంకుల్ టీమ్ ఓడిపోయింది. వెనక్కి తిరిగితే నీలిమ!

"నువ్వెందుకొచ్చావ్?" అన్నాను.

"కార్ కీస్ నా దగ్గర ఉన్నాయి" అంది. తాళాలు ఆడిస్తూ, "క్యాచ్ మాత్రం బాగా పట్టావ్" అంది.

డాక్టర్ గారు నెలల తరబడి నా పేరు ఎత్తనివ్వలేదట. "చేతికొచ్చినదాన్ని ఎవడికో విసిరేసేవాడికి పిల్లనెలా ఇస్తానమ్మా?" అని ఆయన బాధ. నీలిమ పట్టు వదల్లేదు. చివరికి ఆయనే దిగొచ్చారు.

పెళ్లిలో మా మధ్య తెర పట్టారు. ముహూర్తం దగ్గరపడింది, జీలకర్ర బెల్లం నా చేతిలో ఉంది. మంత్రాల మధ్యలోంచి మామగారి గొంతు ఖంగుమంది.

"పంతులుగారూ, తెర ఇంకాస్త ఎత్తుగా పట్టించండి! ఇతనికి గోడల మీంచి చేతులు పెట్టే అలవాటుంది!"

హాలంతా గొల్లుమంది. నా చెయ్యి గాల్లోనే బిగుసుకుపోయింది. "పెట్టండి బాబూ, ముహూర్తం దాటిపోతోంది" అని పంతులుగారు మొత్తుకుంటున్నారు. నేను కదల్లేదు. అప్పుడు తెర అవతల్నుంచి సన్నగా వినిపించింది.

"పెట్టు. ఇది అలౌడ్."

పెట్టాను. ఆ జీలకర్ర బెల్లం సాక్షిగా శపథం చేస్తున్నాను, అదే ఆఖరు. ఇకమీదట ఏ గోడ మీదుగానూ ఈ చెయ్యి చాచను. పక్కింటావిడ కంచె మీంచి వేడివేడి పులిహోర అందించినా సరే, వీధి చుట్టూ తిరిగి వెళ్లి, వాళ్ల గుమ్మంలో నిలబడి అందుకుంటాను.