అయస్కాంతం అంటని స్టీలు

మా అత్తగారి చేతిసంచిలో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉండేది. పాడైపోయిన రేడియో స్పీకర్‌లోంచి మామగారు బతికుండగా ఊడదీసి ఇచ్చిన గుండ్రటి ముక్క. దాన్ని పాత చేతిరుమాల్లో ముడేసి, చర్చికి తీసుకెళ్లే కళ్లజోడు డబ్బా పక్కన పెట్టుకునేవారు. స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లినప్పుడల్లా అది బయటికొచ్చేది. గిన్నెకు ఆనించి చూసేవారు. అంటుకుంటే నాసిరకం, అంటకుండా జారిపోతే అసలైన స్టీలు. ఆవిడ రుమాలు ముడి విప్పడం చూడగానే జనరల్ బజార్ కొట్లవాళ్లు ముందు వరసలో గిన్నెల్ని వెనక్కి సర్దేసేవారని మా ఆయన అంటారు. ఉన్నదానికి కాస్త కలిపి చెప్పే అలవాటు ఆయనకు తల్లి నుంచే వచ్చింది.

ఆవిడది తెనాలి వైపు. పెళ్లై సికింద్రాబాద్ వచ్చి, టీచరు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పిల్లలకు పెట్టే పరీక్షలు మానేశాక గిన్నెలకు పెట్టడం ఎక్కువైంది. చిలకలగూడలో మా వంటింట్లో ఉన్న ప్రతి గిన్నే పాసైనదే. తప్పినవి సజ్జ మీదికి పోయేవి. నా పెళ్లికి చిన్నత్తగారు, అంటే మా అత్తగారి మరిది భార్య, ఇచ్చిన గిన్నెల సెట్టు కూడా అలాగే పైకెక్కింది. చిన్నత్తగారు ఇక్కడి మనిషే, బన్సీలాల్‌పేట్‌లో పుట్టి పెరిగారు. గిన్నెల మీద భార్యాభర్తల పేర్లు వంకీలు తిప్పి మరీ కొట్టించి ఇచ్చారు. చుట్టాలందరూ వెళ్లిపోయాక మా అత్తగారు రుమాలు ముడి విప్పారు. అయస్కాంతం టక్కున అంటుకుంది. ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం మాత్రం మా రెండిళ్లలో చాలా ఏళ్లు వినిపించింది.

నేను చెప్పబోయేది రాష్ట్రం విడిపోకముందు మాట. ఆ ఏడు ఆవిడకు పెద్ద జలుబు చేసి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ దాంతో పాటు వాసన తెలియడం కూడా పోయింది. ఆ సంగతి మాకు చెప్పలేదు. ఒకసారి ఇంగువ డబ్బా ముక్కు కింద పెట్టుకుని నిలబడి ఉంటే నేనే చూశాను. ఏంటత్తయ్యా అంటే, మూత బిగుసుకుపోయిందన్నారు. మూత ఆవిడ రెండో చేతిలోనే ఉంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే, మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లిన వేళ, పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఆవిడ పక్క గదిలో కూర్చుని బైబిల్ చదువుకుంటున్నారు. కింది పోర్షన్‌వాళ్లకు మెట్ల మీద వాసన తగిలి, పరుగెత్తుకొచ్చి కట్టేశారు. మా ఆయన బేగంపేట ఆఫీసు నుంచి వచ్చేసరికి అన్ని కిటికీలూ తెరిచి ఉన్నాయి, ఆవిడ అటు తిరిగి కూర్చుని ఉన్నారు. ఇక మేం లేనప్పుడు అమ్మ గ్యాసు ముట్టుకోకూడదని ఆయన తేల్చి చెప్పేశారు. ఆవిడ సరేనన్నారు. చారులో ఉప్పు గురించి కూడా పట్టు వదలని మనిషి, ఒక్క మాట ఎదురాడకుండా సరేనంటే నాకు భయం వేసింది.

మర్నాటి నుంచి నేను పొద్దున్నే వండి, మధ్యాహ్నానికి ఆవిడకు డబ్బాలో పెట్టి వెళ్లేదాన్ని. సాయంత్రం వచ్చి చూస్తే సగం అలాగే ఉండేది. ఆకలి లేదనేవారు. చల్లటి అన్నం గొంతు దిగదని ఆవిడ చెప్పరు, నాకు తెలియకా పోదు. మధ్యాహ్నం పూట పొగలొచ్చే అన్నంలో పులుసు పోసుకుని, చెమటలు కక్కుకుంటూ తినడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ అలవాటు. రోజులు గడిచేకొద్దీ జాకెట్లు వదులయ్యాయి. కుట్లు బిగించమని నాకే ఇచ్చారు. మిషన్ ముందు కూర్చుని ఆ కుట్లు వేస్తుంటే నాకు ఎంత దిగులేసిందో చెప్పలేను. మనిషిని కాపాడుకున్నాం అనుకుంటూ అన్నం దగ్గర దూరం చేసుకుంటున్నామనిపించింది.

ఇండక్షన్ పొయ్యి కొందామన్నది నేనే. సిలిండర్లు ఆలస్యంగా వస్తుండటంతో అప్పటికే మా వీధిలో ఇంటింటికీ అది వచ్చేసింది. మంట ఉండదు, గ్యాసు ఉండదు, గిన్నె తీసేస్తే దానంతటదే ఆగిపోతుంది. మా ఆయన చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. పొయ్యితో పాటు వచ్చిన చిన్న పుస్తకం పైపైన తిరగేసి, దీనికి గిన్నెలు అయస్కాంతం పెట్టి చూసుకుని కొనాలటండీ అత్తయ్యా అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. తను ఇన్నేళ్లుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నది అదేనని, ఇప్పటికి కంపెనీవాళ్లకు తెలిసొచ్చిందని అన్నారు.

అంటాలో, అంటకూడదో నేను చెప్పలేదు. ఆవిడా అడగలేదు. గిన్నెల సంగతి ఆవిడకు నేను చెప్పేదేముంది?

శనివారం మధ్యాహ్నం ఇద్దరం జనరల్ బజార్ వెళ్లాం. జ్వరం తర్వాత ఆవిడ అంత హుషారుగా నడవడం అదే మొదలు. కొట్టులో స్టూలు వేయించుకుని కూర్చుని రుమాలు విప్పారు. కొట్టాయన ఒక్కో గిన్నే అందించడం, ఈవిడ అయస్కాంతం ఆనించడం, అది జారిపోవడం, ఈవిడ తల ఊపడం. ఆయన కూడా ఉత్సాహంలో పడి, "ఒక్కటి అంటితే సుత నా దుకాణం బంద్ చేస్తనమ్మా" అన్నాడు. మేం గిన్నెలు దేనికోసమో ఆయనకు చెప్పలేదు, ఆయనా అడగలేదు. అన్నానికో గిన్నె, పులుసుకో గిన్నె, పాలకో గిన్నె, అన్నీ మందంగా, అద్దంలా మెరిసేవి ఏరుకుని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇల్లు చేరాం.

ఆ సాయంత్రం పాలగిన్నెతో ప్రారంభోత్సవం. ప్రార్థన కూడా అయింది. మా ఆయన మీట నొక్కారు. పొయ్యి కుయ్యిమని అరిచి ఆరిపోయింది. రెండో గిన్నె పెట్టాం, మళ్లీ అరిచింది. మూడోదానికి కూడా అదే మర్యాద. మా ఆయన ప్లగ్గు మార్చారు, పొయ్యిని తలకిందులు చేసి చూశారు, మగవాళ్లు చేసే పనులన్నీ చేశారు. చివరికి పుస్తకం తీసుకుని పైకి చదివారు. అయస్కాంతం గట్టిగా అంటుకునే గిన్నెలు మాత్రమే వాడవలెను అని తెలుగులోనే ఉంది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మా అత్తగారు లేచి, అయస్కాంతం పట్టుకుని వంటింట్లో అరలన్నీ వెతకడం మొదలుపెట్టారు. అన్నం వండే సిల్వర్ గిన్నెకు అంటలేదు. చేపల పులుసు కాచే మట్టికుండ సంగతి అడగనే అక్కర్లేదు. ఆవిడ పెళ్లినాటి ఇత్తడి గిన్నె, రిటైరైనప్పుడు స్కూలువాళ్లిచ్చిన స్టీలు డేగిసా, జీవితమంతా ఏరి కోరి కొన్న గిన్నెలు, దేనికీ అంటలేదు. చివరికి పెనానికి అంటుకుంది. రేపట్నుంచి మూడు పూటలా అట్లేనన్నమాట అన్నారు. నవ్వొచ్చింది గానీ ఆవిడ గొంతు విని నవ్వలేకపోయాను. ఈ పొయ్యి కూడా కాదంటే ఇక మళ్లీ డబ్బా కూడే.

నా కళ్లు సజ్జ వైపు పోయాయి. మా ఆయన కళ్లు అప్పటికే అక్కడున్నాయి. మేమిద్దరం ఆ మాట అనే ధైర్యం లేక నేల చూపులు చూస్తుంటే, ఆవిడే, "మీ పిన్ని ఇచ్చిన గిన్నెలున్నాయిగా పైన. దింపు" అన్నారు కొడుకుతో.

దింపి, దుమ్ము కడిగి, అయస్కాంతం పెడితే, ఊడదీయడానికి గోరు పెట్టాల్సొచ్చింది. ఇన్నేళ్లూ ఫెయిలైన గిన్నె ఆ సాయంత్రం ఫస్టున పాసైంది. అంత చక్కగా అంటుకుందేంటమ్మా అని మా ఆయన పైకే అన్నారు. ఆవిడ అప్పటికే అందులో పాలు పోస్తున్నారు.

గిన్నె దొరికినంత మాత్రాన పొయ్యి లొంగలేదు. ఆవిడ ఇన్నాళ్లూ మంట చూసి వండిన మనిషి. సన్నటి సెగ, మధ్య సెగ అని కంటితో కొలిచేవారు. ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదు, అంకెలు తప్ప. వంగి వంగి గిన్నె కింద చూసేవారు. గిన్నె పలచనిది కావడంతో మొదటి రోజు అన్నం అడుగంటింది, రెండో రోజు ఉడకలేదు, మూడో రోజు పైన ఉడక్క అడుగున మాడింది. వాసన తెలియదు కాబట్టి మాడుతున్న సంగతి నేను కేకేస్తే గానీ ఆవిడకు అందదు. ఇలాగైతే ఒంటరిగా వదల్లేమని మా ఆయన మెల్లిగా అనడం ఆవిడ చెవిన పడింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆవిడ ఒక పని చేశారు. నా ఎరుకలో అంతకుముందెన్నడూ చేయనిది. ఫోను తీసి చిన్నత్తగారికి చేసి, నీ దగ్గర కరెంటు పొయ్యి ఉందటగా, ఒకసారి రాగలవా అని అడిగారు. అడిగేటప్పుడు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

చిన్నత్తగారు గంట తిరక్కుండా ఆటో దిగారు. వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీద తన పేరున్న గిన్నెను చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు.

"ఇగో అక్కా, గిన్ని దినాలకు నా గిన్నె పొయ్యెక్కిందా?"

"అవసరం వచ్చేదాకా జాగ్రత్తగా దాచానే" అన్నారు మా అత్తగారు, రెప్ప వేయకుండా.

ఒక్క క్షణం ఏమవుతుందోనని చూశాను. చిన్నత్తగారు పగలబడి నవ్వారు. మా అత్తగారు కూడా ఆపుకోలేకపోయారు. ఇన్నేళ్ల బిగువు అంత తేలిగ్గా సడలిపోతుందని తెలిస్తే ఆ గిన్నెల్ని నేనెప్పుడో దింపి ఉండేదాన్ని. తర్వాత ఇద్దరూ పొయ్యి దగ్గర కుర్చీలేసుకుని కూర్చున్నారు. పలచటి గిన్నెకు నీళ్లు కాస్త ఎక్కువ పోయాలని, పొంగు రాగానే అంకె తగ్గించాలని, వాసన రాకపోతే చెవి పెట్టి వినాలని చిన్నత్తగారు చెప్పారు. నీళ్లుంటే అన్నం గుసగుసలాడుతుందట, నీళ్లు ఇంకిపోతే చిటపటమంటుందట. మా అత్తగారు కళ్లు మూసుకుని విన్నారు.

ఆ వారమంతా మా ఎదుట వండి చూపించారు. ఒక్కసారీ మాడలేదు. ఒంటరిగా వండుకోవడానికి మా ఆయన సరేనన్నారు గానీ ఆయన సరే సగమే. మొదటి రోజు పొద్దున్న చెప్పులేసుకుంటూ ఎన్ని జాగ్రత్తలు చెప్పారంటే, ఆవిడ ఆయన్ని స్వయంగా గేటు దాకా సాగనంపాల్సి వచ్చింది.

మధ్యాహ్నం నేను పనిచేసే స్కూల్లో ఉండగా ఆయన ఫోను. అమ్మకు ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు, కింది పోర్షన్‌వాళ్లు ఊళ్లో లేరు, నువ్వు దగ్గర కదా జెర పోయి చూడు అన్నారు. కంగారులో ఆయనకు సికింద్రాబాద్ మాట వచ్చేస్తుంది. నాకు ఆ రోజు తెరిచి ఉన్న కిటికీలే కళ్ల ముందు మెదిలాయి. హెడ్‌మిస్ట్రెస్‌కు ఏం చెప్పానో గుర్తు లేదు. ఆటోవాణ్ణి తొందరపెడుతూ, దేవుడా దేవుడా అనుకుంటూ, ఈ పొయ్యి ఐడియా నాదే కదా అని నన్ను నేను తిట్టుకుంటూ వచ్చిపడ్డాను. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు.

తలుపు గడియ వేసి లేదు. ఆవిడ టేబుల్ ముందు కూర్చుని అన్నం తింటున్నారు. పళ్లెంలోంచి పొగలొస్తున్నాయి. నుదుటి మీద చెమట. పక్కనే ఫోను మోగుతోంది, దాని వంక చూడనైనా చూడటం లేదు.

"ఫోను ఎత్తరేంటత్తయ్యా" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

"తింటున్నా కదే. ఎత్తితే చల్లారిపోతుంది" అన్నారు.

మోగుతున్న ఫోను నేనే తీసి, అత్తయ్య అన్నం తింటున్నారని చెప్పాను. ఆయన, వేడిగానేనా అని అడిగారు. వేడిగానే అన్నాను.

నేనింకా నిలబడే ఉండటం చూసి ఆవిడ ఎడమ చేత్తో కుర్చీ లాగి, ఇంకో పళ్లెం పెట్టి, గరిటెడు అన్నం, దాని మీద పులుసు వడ్డించారు. ఎన్ని నెలలైందో ఆవిడ నాకు వడ్డించి. కూర్చున్నాను. మొదటి ముద్దకే వేళ్లు చురుక్కుమన్నాయి, ఊదుకుంటూ తిన్నాను.