హీరోను రెండుసార్లు దాటేసిన నా సైకిల్

నా మోకాళ్ల కోసం మా అమ్మాయి కరెంటుతో నడిచే మౌంటెన్ బైక్ కొనిచ్చింది. "మోటారు ఆపి ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కిన రోజు మిఠాయి పంచుతా నాన్నా" అంది. ఈ రోజు పొద్దున మోటారు వేసుకునే ఎక్కుతూ, సైకిల్ మీద రొప్పుతున్న ఓ కుర్రాణ్ణి బెల్లు కొట్టి దాటేశాను.

"కట్!" అని కేక. షూటింగట!

అసిస్టెంట్ డైరెక్టర్ పరుగెత్తుకొచ్చాడు. "తాతా, గాయన మా హీరో! నువ్వు ఎన్కనే ఉండాలె. జర మోటరు బంద్ చేసి రా, షాట్‌ల నిన్ను గూడ పెడతం."

"అంతకన్నానా బాబూ!" అన్నాను.

మళ్లీ కింది నుంచి మోటారు ఆపి తొక్కాను. సగం ఎత్తులో హీరోగారు దిగి సైకిల్ తోసుకోసాగారు. నేను ఆగలేక పైదాకా ఎక్కేశాను!

సినిమాలోంచి నన్ను తీసేస్తారట. తీసేసుకోనివ్వండి, నా మోకాళ్లు మాత్రం హిట్టు! అమ్మాయి మిఠాయి కోసం శ్రీనగర్ కాలనీ వెళ్లింది. ఎవరెవరికి కావాలో చెప్పండి.