మంజీర మిట్ట మీద రెండు రాష్ట్రాలు

నేను కాపురానికి వచ్చిన ఏడాదే మా మిట్ట రెండు రాష్ట్రాలైంది. కోటగిరి అవతల, మంజీర నడుమ ఇసుక పేరుకుని గట్టిపడిన మిట్ట అది. మా మామ, ఆయన తమ్ముడు అక్కడ చెరో గుడిసె వేసుకుని పుచ్చకాయలు పండించేవారు. కొత్త రాష్ట్రాలు ఏర్పడ్డాక ఒక సర్వేయరు పుట్టిలో నది దాటి వచ్చాడు. రెండు గుడిసెల మధ్య రాయి పాతించి, చిన్నమామ ఉండేది ఇకనుంచి బొంబాయి రాష్ట్రమని చెప్పి, మా ఇంట్లో అన్నం తిని వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తాలు కొందరు సెలవు రోజున ఆ రాయిని చూడడానికి వచ్చారు. ఒకాయన అటు ఒక కాలు, ఇటు ఒక కాలు వేసి నిలబడ్డాడు. మిగతావాళ్లూ వంతులవారీగా నిలబడ్డారు. తర్వాత ఆకలేస్తోందన్నారు. నేను మిర్చీ బజ్జీలు వేసి పెట్టాను. మరుసటి సెలవుకు నిజామాబాదు నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగాయి. పుచ్చతీగలకు నీళ్లు పోసే తీరిక ఎవరికీ లేకుండా పోయింది.

వచ్చినవాళ్లకు ఒకటే అసంతృప్తి, అవతలి రాష్ట్రం కూడా ఇవతలిలాగే ఉందని. చిన్నమామ ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. చిన్నత్త చేత మరాఠీవాళ్లలా గోచి పెట్టి చీర కట్టించాడు. సంతలో విన్న మరాఠీ ముక్కలతో జనాన్ని పలకరించసాగాడు. ఎండకు తాళలేకపోతున్నామని జనం అంటే, అన్నదమ్ములిద్దరూ ఒక పొద్దున రాయిని పెకిలించి మా గుడిసె పక్క తుమ్మచెట్టు నీడలో పాతారు. దాంతో మా పొయ్యి బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. నేను అక్కడే కూర్చుని రెండు రాష్ట్రాలకూ మిర్చీలు వేసేదాన్ని.

ఒకే మూకుడులోంచి తీసినవే అయినా, అవతల తిన్నవే రుచిగా ఉన్నాయని అందరూ అనేవారు. మామకు తల కొట్టేసినట్టయింది. తమ్ముడి వైపు వెళ్లేవాటికి పిండిలో ఉప్పు తగ్గించమని నాతో గుట్టుగా చెప్పాడు. తగ్గించాను. ఆ చప్పదనమే అసలైన బొంబాయి రుచి అని జనం ఇంకా మెచ్చుకున్నారు.

అసలు చిక్కు చిన్నమామతో వచ్చింది. జనం లేనప్పుడు కూడా తెలుగు మానేశాడు. అన్నం మా గుడిసెలోనే తినేవాడు గనుక, రోజూ వచ్చి కూర్చుని మరాఠీలో అడిగేవాడు. మామ నన్ను ఆపేవాడు.

"తెల్గుల అడుగు, పెడ్తది."

చిన్నమామ అర్థం కానట్టు పెళ్లాం వైపు చూసేవాడు. ఆయన అన్నం అడుగుతున్నాడని చిన్నత్త తెలుగులో చెప్పేది. అప్పుడు మామ సరేననేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. వాళ్లిద్దరూ నవ్వడం లేదని గమనించాక భయమేసింది.

ఒక ఆదివారం మిట్ట నిండా జనం. చిన్నమామ కట్టెలు తీయబోతే చేతికి తేలు కుట్టింది.

"ఓ అవ్వా, సచ్చిపోతి! అన్నా, జల్ది రాయే!"

మామ రాయి దాటి ఒక్క దూకు దూకాడు. తన రుమాలు చింపి తమ్ముడి చెయ్యి బిగించి కట్టాడు. జనం చుట్టూ మూగారు. వాళ్లలో కళ్లద్దాల పంతులొకాయన, ఈ మనిషికి తెలుగు ఎట్లా వచ్చిందని అనుమానంగా అడిగాడు.

మామ తల ఎత్తకుండానే, "గిప్పుడే నేర్సుకున్నడు" అన్నాడు.

పంతులు నమ్మాడు. ఎంత తొందరగా పట్టుబడిందో చూడమని తన పిల్లలకు చిన్నమామను చూపించాడు కూడా.

ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఎడమచేత్తో తినలేక అవస్థపడుతున్న తమ్ముడికి మామే ముద్దలు కలిపి పెట్టాడు.

వానలకు ముందు వేరే అధికారి వచ్చాడు. హద్దు అవతలి ఒడ్డు మీద ఉందట, మిట్ట మొత్తం ఇటువైపేనట. రాయిని పుట్టిలోకి ఎక్కిస్తుంటే చిన్నమామ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి నిలబడ్డాడు.

"నన్నొక్క మాటన్న అడగకపోతిరి" అన్నాడు.

అధికారి కూడా పుట్టి ఎక్కాడు. పుట్టి కదిలిపోయింది.

జనం రావడం ఆగిపోయింది. తీగలు ఎప్పుడో ఎండిపోయాయి. అందరం బోధన్ చేరి, ఫ్యాక్టరీ గేటుకు దగ్గరలో మిర్చీల బండి పెట్టుకున్నాం. గానుగ నడిచే రోజుల్లో చెరుకు బండ్లవాళ్లు బారులు తీరి తినేవారు. చిన్నమామ పిండి కలిపితే మామ నూనె చూసుకునేవాడు. వాళ్లిద్దరూ రోజంతా పోట్లాడుకుంటూనే ఉండేవారు. చిన్నత్త, నేను బండి వెనక కూర్చుని, దారిలో రాలిన చెరుకు గడలు ఏరుకొచ్చి నమిలేవాళ్లం.