కల్లం వాటం

పెదకాకాని దగ్గర పల్లెలో ఉండే దానయ్యకు అరవై ఆరేళ్లు. అందులో నలభై ఏళ్లు మిరప కల్లాలు చదును చేయడంలోనే గడిచాయి. కాయలు ఆరబోసే ఆ నేల చూడ్డానికి చదునుగానే ఉంటుంది గాని, నడుమ జానెడు ఎత్తు పెట్టి నాలుగు పక్కలకీ వాలుగా కొడతారు. వాన పడితే నీళ్లు ఎటు వీలైతే అటు పోవాలి. దానయ్య కొట్టిన కల్లంలో కింది కాయ నానదని రైతులు చెప్పుకునేవాళ్లు.

నేను చాలా ఊళ్లు తిరిగాను, నీళ్ల గురించి రాసిన లావుపాటి పుస్తకాలూ చదివాను. ఎడారి పల్లెల్లో చినుకును లోపలికి పిలిచే వాకిళ్లున్నాయి, కొండల్లో చినుకును తరిమేసే ఇంటి కప్పులున్నాయి. ఎవరి భయం వాళ్ల కట్టడంలో కనిపిస్తుంది. సరే, దానయ్య సంగతికొస్తాను. నేనప్పుడు వాళ్ల ఎదురింట్లో అద్దెకుండేవాణ్ణి.

జూలై వానల్లో అతని భార్య పుల్లమ్మ, ఇంటి వెనక స్నానాల బండ దిగుతూ బురదలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. గుంటూరులో ఆపరేషన్ అయ్యాక కూతురు శాంతి అద్దంకిలో తన ఇంటికి తీసుకెళ్లింది. నెల తిరిగాక పుల్లమ్మ ఫోన్ చేసింది.

"కూతురైనా సరే, ఎదురుగా నిలబడి నీళ్లు పోస్తుంటే సిగ్గుతో చస్తున్నానయ్యా. తలుపేసుకుని నా అంతట నేను పోసుకునే చోటు ఇంట్లో చెయ్యి. ఆ రోజే వస్తా."

ఒక్క చిన్న గది పనికి మేస్త్రి ఎవరూ రాలేదు. పడకగది పక్కనున్న సామాన్ల కొట్టు ఖాళీ చేసి దానయ్యే తాపీ పట్టాడు. టైల్స్ వేస్తూ వీడియో కాల్‌లో చూపించాడు. "తెల్లగా బానే ఉన్నాయి గాని, జారవు గదా?" అంది పుల్లమ్మ. ఆదివారం వస్తానంది.

ఆఖరి టైలు మంగళవారం సాయంత్రం పడింది. మర్నాడు పొద్దున్నే ఆగలేక ఒక బకెట్ నీళ్లు కుమ్మరించాడు. కాసిని మూలనున్న తూములో పడ్డాయి. మిగతావి గోడల వెంట నిలిచి, గడప దాటి మంచం కోడు దాకా వచ్చాయి.

అప్పుడే నాగూర్ వలి వచ్చాడు. పాత తాపీ మేస్త్రి, భుజం పట్టేసి పని మానేశాడు.

"ఒరేయ్ దానయ్యా, ఇది బాత్రూమా, కల్లమా? మా మిరపకాయలు తెచ్చి ఆరబొయ్యనా?"

"వాటం చూసే వేశాన్రా."

"చూశావు. నాలుగు పక్కలకీ చూశావు. తూమున్నది ఒక్క పక్కనేరా!"

దానయ్య నవ్వలేదు. మంచం కోడు దగ్గర తడి వంకే చూస్తున్నాడు. "పుల్లమ్మ మంచం దిగి అడుగు పెట్టేది ఇక్కడే" అన్నాడు.

వలి నవ్వు ఆగిపోయింది. "సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. ఇప్పుడే లేపితే చాలావరకు విరక్కుండా వస్తయ్. నా చెయ్యి లేవదు గాని నోరు లేస్తది. నేను చెప్తా, నువ్వు వెయ్యి."

నలభై ఏళ్ల అలవాటు చేతిని వదల్లేదు. వలి బీడీకని బయటికెళ్లి వచ్చేసరికల్లా నడుమ మళ్లీ లేచేది.

"దించరా! ఇంట్లో వానేమన్నా కురుస్తుందా?"

నాలుగు టైల్స్ విరిగాయి. అలాంటివి మళ్లీ దొరకలేదు. దానయ్య పెరట్లోకెళ్లి స్నానాల బండ తవ్వి తెచ్చి, ఆ ఖాళీలో, కూర్చునే స్టూలు వేసే చోట దించాడు.

"దీని పక్కనేగా పడింది?" అన్నాడు వలి.

"పక్కన బురదలో పడింది. గరుకు బండ. దీని మీద ఎన్నడూ జారలా."

ఈసారి ఆదివారం దాకా చుక్క నీళ్లు పోయలేదు, కాలూ పెట్టలేదు.

పుల్లమ్మ కూతురి వెంట చేతికర్రతో వచ్చింది. బండను పాదంతో తడిమి చూసింది. "నా బండే" అంది. దానయ్య నీళ్లు పెట్టి అక్కడే తచ్చాడుతున్నాడు.

"ఇంకా నిలబడ్డావేం? బయటికి నడు."

లోపల గడియ పడింది. చెంబు చప్పుడు మొదలైంది. బయట శాంతి తుడవడానికి గుడ్డ పట్టుకుని సిద్ధంగా ఉంది. దానయ్య గడప మీంచి చూపు తిప్పలేదు. ఒక చెంబు, పది చెంబులు. గడప పొడిగానే ఉంది.

"శాంతీ, మీ నాన్న అక్కడే ఉన్నాడా?" లోపల్నుంచి కేక. "పోయి టీ తాగమను. నేనిప్పట్లో రాను."