వసుంధర గారి సంబంధాల బోర్డు

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితం వేడిగా ఉంటుంది. మొన్న అమీర్‌పేటలో మా మనవరాలు శ్రావణి ఉద్యోగాల కోసం తన బయోడేటా కాపీలు తీయించి, "జర పట్టుకో అమ్మమ్మా" అని నా చేతుల్లో పెట్టి, కవర్ల కోసం పక్క దుకాణంలోకి పోయింది. ఆ వేడి అరచేతులకు తగలగానే వసుంధర గారు వచ్చి ఎదురుగా నిలబడినట్టయింది. ఆమె అలాంటి కాగితాన్ని ముందు చెంపకు ఆనించుకునేవారు. "ఇది చల్లారేలోపు పేపరాఫీసులో ఉండాలి యాదమ్మ గారూ!" అని నన్ను మెట్ల మీంచి తరిమేవారు. నన్ను 'గారు' అని పిలిచిన మొదటి మనిషి ఆమే. అప్పటికి నాకు నలభై దాటాయి. ఒక్క అక్షరం రాదు. ఏ పేపరాఫీసు ఏదో గేటు రంగు చూసి గుర్తుపట్టేదాన్ని.

పంజాగుట్టలో ఒక మిఠాయి దుకాణం మీద ఒంటి గది ఆమె ఆఫీసు. ఊళ్లో మగ్గాలు ఆగిపోయి పట్నం వచ్చినదాన్ని నేను. ఆ గది ఊడ్చి, చాయ్ పెట్టి, పత్రికలకు కాగితాలు చేరవేసేదాన్ని. ఆమెది కాకినాడ. ఏదైనా సంస్థ తన సంగతి జనానికి చెప్పుకోవాలన్నా, జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలన్నా, ఆ మాట అటూ ఇటూ మోసే వృత్తి ఆమెది. తెలుగులో దాన్ని ప్రజా సంబంధాలు అంటారు. బోర్డు రాసిన పెయింటర్ ముందు 'సంబంధాలు' అని ఎర్ర రంగుతో బారెడు రాసేశాడు. 'ప్రజా'కు చోటు చాలక పైన ఒక మూల చీమంత చేసి ఇరికించాడు. ఇంకేముంది, కొడుకుల ఫొటోలు, కూతుళ్ల జాతకాలు పట్టుకుని జనం మెట్లెక్కడం మొదలైంది. బోర్డు మార్పించమని నేను మొత్తుకున్నాను. ఆమె నవ్వి ఊరుకునేవారు.

ఒకసారి సిరిసిల్ల నుంచి ఒక జంట వచ్చింది. కొడుకు మధురానగర్ హాస్టల్లో ఉంటూ కంప్యూటర్ కోర్సు చేస్తున్నాడట. "మంచి సంబంధముంటె చూడున్రి మేడం" అన్నాడు తండ్రి, సంచీలోంచి ఫొటో తీస్తూ. "ఇది గసొంటి ఆఫీసు కాదు, పోన్రి" అని నేను లేపబోయాను. వసుంధర గారు నన్ను కూర్చోమని సైగ చేసి, "ఏం కోర్సండీ మీ అబ్బాయిది?" అని అడిగారు. "మాకేమెర్క తల్లీ! నేర్సుకుంటె నౌకరి పక్కా అంటున్నరు. నిజంగ వస్తదా?" అన్నాడాయన. ఆయన చెప్పిన శిక్షణ సంస్థ ఆమె క్లయింటే. అందరికంటే పెద్ద క్లయింటు. ఆమె ఆ ప్రశ్న కాగితం మీద రాసుకున్నారు. ఆ వారమే సంస్థ యజమాని మూర్తి గారిని పట్టుబట్టి ఒప్పించి, ఒక ఆదివారం తల్లిదండ్రుల్ని పిలిపించారు. ఉద్యోగం వచ్చిన పిల్లల్నీ రాని పిల్లల్నీ వాళ్ల ముందు కూర్చోబెట్టి ఏదైనా అడగమన్నారు. హాలు కిక్కిరిసిపోయింది. సిరిసిల్ల ఆయన మొదటి వరసలో కూర్చుని లాయరులా ప్రశ్నలేశాడు. ఉద్యోగం రాని పిల్లలున్నారని తెలిసి కూడా జనం తమ పిల్లల్ని కొత్త బ్యాచ్‌లో చేర్చారు. మూర్తి గారు ఆనందంతో లడ్డూలు పంచారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ వృత్తివాళ్ల దేశవ్యాప్త సంఘం అక్రెడిటేషన్ అని కొత్త పరీక్ష పెట్టింది. ఆ మాటకు నాకు నోరు తిరగలేదు. "గుర్తింపు అనుకోండి" అన్నారామె. "విజిటింగ్ కార్డు అచ్చేయించుకున్న ప్రతివాడూ ఈ పని చేసేస్తున్నాడు. కవర్లో డబ్బు పెట్టిచ్చి వార్త వేయించేవాడికీ నాకూ తేడా ఏంటో ఎవరు చెబుతారు? డాక్టరుకుంది, లాయరుకుంది, మాకెందుకుండకూడదు?" అంటూ గదిలో అటూ ఇటూ తిరిగారు. కళ్లు మెరిసిపోతున్నాయి. రాతపరీక్ష రాయాలి. ఆ తర్వాత తను చేసిన పని ఒకటి, క్లయింటు సంతకంతో సహా, పెద్దల ముందు పెట్టి సమర్థించుకోవాలి. ఆదివారం సభకు మించిన పని ఏముంది? నెగ్గినట్టే అని ఇద్దరం గంతులేశాం. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె పుస్తకం తెరిచేవారు. "ఊరికే చూస్తూ కూర్చుంటే నాకు నిద్రొస్తుంది. మీరూ చదవండి" అని నాకు పలక కొనిచ్చారు. పాఠం మా బోర్డే. 'సంబంధాలు' దగ్గర నేను మొండికేశాను.

"ద ఉండంగ మళ్ల ధ ఎందుకు మేడం? గా కింద గీత లేకుంటె ఏమైతది?"

"ఊపిరి పోతుంది యాదమ్మ గారూ. పలికి చూడండి, ధ! గుండెలోంచి గాలి రావాలి."

కింద మిఠాయి దుకాణం వరకు వినిపించేలా పలికాను. ఆమె పేరులోనూ ఆ అక్షరమే ఉందని అప్పుడే తెలిసింది.

ఆమె రాతపరీక్ష గట్టెక్కారు. పెద్దల ముందుకు వెళ్లాల్సిన వారంలో మూర్తి గారు వచ్చారు. "సంతకానికేం మేడం, పెడతాను. మన దగ్గర చేరిన ప్రతివాడికీ ఉద్యోగం వచ్చిందని పత్రికలకు ఒక్క నోట్ పంపండి చాలు. అందరూ అదే రాసుకుంటున్నారు కదా!"

"సభలో ఆ పిల్లల్ని మీరే చూశారు కదండీ. రాని వాళ్లూ ఉన్నారు."

"ఏంటి మేడం, ఒక్క లైను!"

ఆయన వెళ్లగానే నేను ఊరుకోలేదు. "రాసిపారేయున్రి మేడం. ముందు గా గుర్తింపు రానియ్యున్రి, సత్యాలు తర్వాత జెప్పుకోవచ్చు" అన్నాను. నేను అలాంటిదాన్నే, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనలేను. ఆమె కోప్పడలేదు. "ఆ సిరిసిల్ల ఆయన రేపు మళ్లీ మెట్లెక్కి వస్తే, ఈ లైను ఆయన ఎదురుగా కూర్చుని చదవగలనా?" అన్నారు. నోట్ వెళ్లలేదు, సంతకం రాలేదు.

బంజారాహిల్స్‌లో ఒక హోటల్లో ఇంటర్వ్యూ. ఆమె లోపల, నేను బయట సోఫా అంచున. ఆమె బయటికొచ్చి, ఆటో ఎక్కగానే చెప్పడం మొదలుపెట్టారు. ఇక ఆపలేదు.

"సంతకం ఏదన్నారు. ఎందుకు లేదో ఉన్నదున్నట్టు చెప్పేశాను. 'ఇంతకీ నువ్వు కంపెనీ మనిషివా, జనం మనిషివా' అన్నాడు ఒక పెద్దాయన. మన బోర్డు కథ చెప్పానండీ!"

"అయ్యో! గా బోర్డు లడాయి అంత జెప్పిండ్రా?"

"మొత్తం! పడీపడీ నవ్వారు. అప్పుడన్నాను, నేను సంబంధాలు కుదిర్చేదాన్నే సార్, కుదిర్చాక రేపు రెండిళ్లకూ మళ్లీ వెళ్లగలగాలి, అంతే నాకు తెలిసిన నీతి అని. ఎవరూ నవ్వలేదు ఈసారి. రాసుకున్నారు. మంచికో చెడుకో!"

ఫలితం పోస్టులో వస్తుందన్నారు. పోస్టు కంటే ముందు పేపరొచ్చింది. అప్పటికి నేను కూడబలుక్కుని చదువుతున్నాను. పొద్దున్నే ఇరానీ హోటల్లో కూర్చుని మా క్లయింట్ల పేర్లు ఎక్కడ పడ్డాయో వెతకడం నా కొత్త పని. ఒక మూల చిన్న వార్త. 'ప్రజా సంబంధాల'... ఆ మాట కూడబలుక్కోవాల్సిన పని లేదు, నా సొంత మాట. దాని కింద పేర్లు. వ. సుం. చాయ్ వదిలేసి లేచాను. పంజాగుట్ట ట్రాఫిక్‌లో చెయ్యెత్తి బస్సును ఆపి రోడ్డు దాటాను. డ్రైవర్ ఏమో తిట్టాడు, నేనూ తిట్టాను. మెట్లన్నీ ఎక్కి తలుపు తోసి అరిచాను.

"మేడం! మీ పేరు పడ్డది! గని ఊపిరి తీసేసిండ్రు!"

ఆమె బిత్తరపోయి లేచారు. "ఎవరికండీ? ఏమైంది?"

పేపరు బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించాను. 'వసుందర' అని పడింది. ద కింద గీత లేదు. "గీత పెట్టమని ఫోన్ జేయున్రి! ఊకుంటె ఎట్ల?" ఆమె పేపరు వైపు చూశారు, నా వేలి వైపు చూశారు. కుర్చీలో కూలబడి నవ్వుతూ ఏడ్చారు. "నేను నెగ్గినందుకు కాదండీ, మీరు తప్పు పట్టినందుకు" అన్నారు. అబద్ధం, రెండింటికీ ఏడ్చారు. అయినా ఫోన్ చేయించాను. మర్నాడు సవరణ పడింది. తర్వాత పెద్ద పెద్ద సంస్థలే ఆమెను వెతుక్కుంటూ వచ్చాయి, ఆఫీసు పెద్దదైంది, ఆ బోర్డు మాత్రం అలాగే మాతో వచ్చింది. ఇప్పుడు ఆమె లేరు. పేపర్లో ఆమె పోయిన వార్త చదివినప్పుడు కూడా నా కన్ను ముందు ఆ గీత కోసమే వెతికింది. ఉంది.

శ్రావణి కవర్లతో వచ్చేసరికి నేను మొదటి కాగితం చదివేశాను. రెండేళ్ల అనుభవం అని ఉంది. అది ఏ ఆఫీసు గడపా తొక్కి ఎరగదు.

"ఇదేందే?"

"అందరు పెడ్తరు అమ్మమ్మా. ఒక్క లైనే గదా!"

నాకు నవ్వొచ్చింది. "రేపు నౌకరిచ్చెటోళ్ల ఎదురుంగ కూసోని గీ లైను సదువుతవా?" అన్నాను. "గట్లెందుకు అడుగుతున్నవ్?" అంది. ఆ దుకాణం ముందే నిలబెట్టి, వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటున్నా, ఈ కథంతా చెప్పాను. వింటూ వింటూ అది గోళ్లు కొరికింది. చివరికి దుకాణం అతని వైపు తిరిగి, "అన్నా, ఫైలు మళ్ల తెరువు. ఒక లైను తీసెయ్యాలె" అంది.

కొత్త కాగితం బయటికొచ్చింది. శ్రావణి చెయ్యి చాచేలోపే లాక్కుని చెంపకు ఆనించుకున్నాను.